తొమ్మిది పిన్నుల కాలం

కంప్యూటరు డబ్బాను వెనక్కి తిప్పితే, పక్కలు ఏటవాలుగా దిగిన ఒక చిన్న సాకెట్ కనిపించేది. పై వరసలో అయిదు పిన్నులు, కింది వరసలో నాలుగు. కేబులు ఊడిపోకుండా బిగించడానికి అటొకటి, ఇటొకటి మర. సీరియల్ పోర్టు అని పుస్తకాల్లో రాసేవారు, మేం కామ్ పోర్టు అనేవాళ్లం. ఇవాళ షాపులో దొరికే మామూలు లాప్‌టాప్‌లలో అది లేదు. 1990ల చివర్లో, 2000 తర్వాతి పదేళ్లలో అనకాపల్లిలో కంప్యూటర్లు బాగుచేసి బతికిన మాబోటివాళ్లకి మాత్రం రోజులో చాలా భాగం దాని ముందు వంగి కూర్చోవడంతోనే గడిచేది.

హైదరాబాదు, బెంగళూరుల్లో కంప్యూటర్లు ఎలా వచ్చాయో చాలామంది రాశారు. బెల్లం కొట్టులోకి, లారీ కాటా గదిలోకి, ఎరువుల షాపులోకి, పెళ్లి శుభలేఖలు కొట్టే డీటీపీ సెంటర్లోకి అవి వచ్చిన తీరు, అక్కడ అవి మొరాయిస్తే ఎవరు వెళ్లి ఎలా నడిపించారన్నది ఎక్కడా రాసి లేదు. ఆ పని చేసినవాళ్లు చాలామంది సీసీ కెమెరాల వ్యాపారంలోకో, మొబైల్ షాపుల్లోకో వెళ్లిపోయారు. మాకు తెలిసిన విద్య మాతోనే పోతోందన్న బాధతో ఇది రాస్తున్నాను.

మా ఊరు బెల్లం మీద బతికిన ఊరు. దేశంలోనే రెండో పెద్ద బెల్లం మార్కెట్ అని పేరు. సంక్రాంతి ముందు ఊపందుకున్న సీజను, కొత్త అమావాస్యకి నూకాలమ్మ జాతర మొదలయ్యే వేళకి కూడా జోరుగానే ఉండేది. కళాసీలు బళ్ల మీంచి దిమ్మలు దించేవారు, కొలగార్లు తూకాలు చూసేవారు, వర్తకులు రంగు చూసి, గిల్లి నోట్లో వేసుకుని రకం కట్టేవారు. వేలం అయ్యాక సరుకు ఒడిశాకో, బెంగాల్‌కో లారీ ఎక్కేది. తరతరాలుగా ఈ లావాదేవీలన్నీ చిట్టా, ఆవర్జాల్లో నడిచాయి. 1990లు ముగిసేనాటికి ఆ ఎర్రట్ట పుస్తకాల పక్కన తెల్లటి మానిటరు వచ్చి కూర్చుంది.

కంపెనీ సిస్టమ్ కొనగలిగినవాళ్లు తక్కువ. విశాఖ ద్వారకానగర్‌లో విడిభాగాలు కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చి, మేమే బిగించి ఇచ్చేవాళ్లం. మదర్‌బోర్డు ఒక కంపెనీది, డిస్‌ప్లే కార్డు ఇంకొకరిది, మోడెమ్ మరొకరిది. వీటిలో ఏ ఒక్కటీ మిగతావాటితో కలిపి పరీక్షించి అమ్మింది కాదు. హ్యాంగులన్నీ అక్కడే పుట్టేవి.

"సిస్టమ్ స్ట్రక్ అయిపోనాది బాబూ, ఓసారి రా" అని కబురొచ్చేది. ఫోను కొంతమందికే ఉండేది, మిగతావాళ్లు కుర్రాడిని సైకిలు మీద పంపేవారు. పూర్తిగా చచ్చిన కంప్యూటరును బాగుచెయ్యడం సులువు. ఎస్ఎంపీఎస్ పోయిందో, హార్డ్‌డిస్కు పోయిందో, ఒక్కో భాగం మార్చి చూస్తే దొరికిపోతుంది. హ్యాంగ్ అలా కాదు. భాగాలన్నీ విడివిడిగా బాగానే ఉంటాయి. కలిసి పనిచేస్తూ ఏదో ఒక క్షణాన అన్నీ ఆగిపోతాయి. తెర మీద బొమ్మ అలాగే ఉంటుంది, బాణం కదలదు, ఏ తప్పూ చూపించదు. నీలం తెర వస్తే కనీసం ఒక నంబరైనా ఇస్తుంది. హ్యాంగ్ అదీ ఇవ్వదు.

అందుకే దాని మీద ఎన్ని నమ్మకాలో. వైరస్ అనేవారు, వేడెక్కిపోయిందనేవారు, కరెంటు హెచ్చుతగ్గులనేవారు. కొందరు మెకానిక్కులకైతే ఒకే మందు: ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ లోడ్ చెయ్యడం. సీజను మధ్యలో అలా చేస్తే రైతుల ఖాతాలు, బాకీలు, పార్టీల అడ్రసులు అన్నీ పోయేవి. షావుకారు మళ్లీ పుస్తకాల్లోంచి చూసి రాత్రంతా కొట్టించుకునేవాడు. ఇంతా చేసి మూడో రోజుకి అదే హ్యాంగ్.

నాకు పని నేర్పినాయన అంతకుముందు రేడియోలు, టీవీలు బాగుచేసేవారు. మెయిన్ రోడ్డు పక్క సందులో ఇరుకు గది, గోడకి సోల్డరింగ్ పొగ మరకలు. కంప్యూటర్ కోర్సు ఏదీ చదవలేదు. "మిషను అలవాటుగా పాడవదురా. ఏదో చేస్తుంటే పాడవుద్ది. ఆ ఏదో ఏటో అడుగు ముందు" అనేవారు. స్క్రూడ్రైవరు బయటికి తీసేముందు ఆయన కస్టమర్ని కూర్చోబెట్టి అడిగేవారు. ఎప్పుడు ఆగింది? అప్పుడు ఏం చేస్తున్నారు? వెనకాల ఏమేం తగిలించి ఉన్నాయి? ఈమధ్య కొత్తగా ఏం పెట్టించారు? ఈ మాటల్లోనే సగం రోగం బయటపడేది.

ఆయన దగ్గర పొడుగాటి లెక్కల పుస్తకం ఒకటుండేది. అందులో మొదటి పేజీ నిండా సున్నా నుంచి పదిహేను దాకా అంకెలు, వాటి పక్కన పేర్లు. సున్నా గడియారానికి, ఒకటి కీబోర్డుకి, మూడు కామ్ 2కి, నాలుగు కామ్ 1కి, అయిదు ఎక్కువగా సౌండ్ కార్డుకి, ఆరు ఫ్లాపీకి, ఏడు ప్రింటరుకి, పన్నెండు గుండ్రటి పిన్ను మౌసుకి, పద్నాలుగు, పదిహేను హార్డ్‌డిస్కుకీ సీడీకీ. వీటిని ఐఆర్‌క్యూలు అంటారు. కొత్తగా పనిలో చేరినవాడు ముందు ఈ పట్టిక ఒప్పజెప్పాలి.

ఐఆర్‌క్యూ అంటే ప్రాసెసరును పిలిచే తీగ. మౌసు కదిలినా, మోడెమ్‌కి ఒక అక్షరం వచ్చినా, "నా దగ్గర సరుకుంది, వచ్చి తీసుకో" అని ఆ తీగ మీద పిలుపు వెళ్తుంది. 1981లో ఐబీఎం తెచ్చిన మొదటి పీసీలో ఇలాంటి తీగలు ఎనిమిదే. 1984 నాటి ఏటీ మోడల్లో ఇంకో ఎనిమిది కలిపి పదహారు చేశారు. అందులో ఒక తీగ, రెండు కంట్రోలర్లని కలపడానికే పోయింది. సీరియల్ పోర్టులు మాత్రం నాలుగు పెట్టుకోవచ్చన్నారు. అందుకని కామ్ 1కీ కామ్ 3కీ కలిపి నాలుగో తీగ, కామ్ 2కీ కామ్ 4కీ కలిపి మూడో తీగ ఇచ్చారు. ఆఫీసులో రెండు గదులకీ ఒకే కాలింగ్‌బెల్ పెట్టినట్టు. ఒక గదిలోనే మనిషి ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. రెండు గదుల్లోంచీ ఒకేసారి బెల్లు కొడితే బంట్రోతు ఒక గదికే వెళ్తాడు, రెండో గదిలో మనిషి పిలుస్తూనే ఉంటాడు. తర్వాత వచ్చిన పీసీఐ కార్డులు ఒకే తీగని పంచుకోగలిగాయి. పాత ఐఎస్ఏ కార్డులకి ఆ వీలు లేదు.

మా ఊళ్లో బీఎస్ఎన్ఎల్ వారి సంచార్‌నెట్ ఇంటర్నెట్ కనెక్షన్లు వచ్చిన కొత్తలో ఈ బెల్లు గొడవ ఇంటింటా కనిపించింది. మన దేశంలో వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది. 2000 అక్టోబరులో బీఎస్ఎన్ఎల్ ఏర్పడ్డాక చిన్న పట్నాలకీ లోకల్ కాల్ ఖర్చుతో డయలప్ అందుబాటులోకి వచ్చింది. బెల్లం కమీషన్ వ్యాపారి ఒకాయన కొడుకు పట్టుబట్టి ఇంటర్నల్ మోడెమ్ పెట్టించాడు. కలకత్తా పార్టీలకి మెయిలు పంపాలని అతని ముచ్చట. డయల్ కొట్టగానే మోడెమ్ కీచుమని అరిచేది, అవతలి నుంచి జవాబు వచ్చేది, సరిగ్గా ఆ క్షణానే మౌసు ఆగిపోయేది. వేరే మెకానిక్కు అప్పటికే మౌసు మార్చాడు, ఫార్మాట్ కొట్టాడు.

మేం వెళ్లేసరికి కొట్టు కట్టేసే వేళ. దుకాణమంతా పాకం వాసన. కీబోర్డు తిరగేస్తే ఎర్రచీమలు బారులు కట్టి బయటికొచ్చాయి. బెల్లం కొట్ల కంప్యూటర్లలో చీమలు మామూలే. గురువుగారు డయల్ కొట్టించి, హ్యాంగ్ అవగానే ముందు నమ్ లాక్ బటన్ నొక్కారు. కీబోర్డు మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. మళ్లీ నొక్కారు, ఆరింది. "లోపల బాగానే నడస్తంది. మౌసు మాట ఒక్కటే దానికి ఇనబడతా లేదు" అన్నారు.

డబ్బా విప్పాం. మౌసు తొమ్మిది పిన్నులది, కామ్ 1లో ఉంది. మోడెమ్ ఐఎస్ఏ కార్డు, దాని మీద చిన్న చిన్న జంపర్లు కామ్ 3కి పెట్టి ఉన్నాయి. పిలుపు తీగ రెండింటికీ నాలుగే. నాలుగో తీగని మోడెమ్ అందుకున్న మరుక్షణం నుంచి మౌసు పిలుపు ఎవరికీ వినిపించడం లేదు. ఈ జంపర్లు గోరంత కూడా ఉండవు, వేళ్లతో పట్టుకుంటే జారి మదర్‌బోర్డు కింద పడతాయి. కంసాలుల దగ్గర కొనుక్కున్న సన్నటి పట్టకారుతో గురువుగారు వాటిని ఒక్కొక్కటే తీసి కామ్ 2కీ మూడో తీగకీ మార్చారు. సిస్టమ్ ఆన్ చేసి, డిలీట్ బటన్ పట్టుకుని బయాస్‌లోకి వెళ్లి, మదర్‌బోర్డులో ఉన్న అసలు కామ్ 2ని ఆపేశారు. ఇది చాలామంది మర్చిపోయేది. ఆపకపోతే కామ్ 2 అడ్రసు మీద ఇద్దరు కూర్చుంటారు. తర్వాత డయల్ కొడితే మోడెమ్ అరిచింది, మౌసు కదిలింది. షావుకారు లోపలి నుంచి కొత్తబెల్లం ముక్క తెచ్చి మా ఇద్దరి చేతుల్లో పెట్టాడు.

అప్పుడు నేను, "కామ్ 4 పెడితే సరిపోదా గురువుగారూ, బయాస్ జోలికి పోకుండా?" అని అడిగాను. ఆయన పుస్తకంలో ఇంకో పేజీ తీసి చూపించారు. కామ్ 4 అడ్రసు 2ఈ8. అప్పట్లో చవగ్గా దొరికే ఎస్3 డిస్‌ప్లే కార్డులు ఐబీఎం 8514 పద్ధతిని అనుసరించి తయారైనవి కాబట్టి, ఆ అడ్రసుతోనే తమ పనులు కొన్ని చేసుకునేవి. అక్కడ మోడెమ్ పెడితే తెర చెదిరిపోవడమో, మొత్తం సిస్టమ్ బిగుసుకుపోవడమో జరిగేది. డిస్‌ప్లే కార్డుకీ టెలిఫోన్ మోడెమ్‌కీ తగువు ఉంటుందని ఎవరికైనా ఎలా తోస్తుంది? ఆ పేజీ ఉన్నవాళ్లకే తోచేది. ఒక్క మెకానిక్కు కష్టపడి కనుక్కున్న సంగతి ద్వారకానగర్ కౌంటర్ల దగ్గర, టీ బడ్డీల దగ్గర చేతులు మారి, ఆఖరికి ఇలా ఒక లెక్కల పుస్తకంలోకి చేరేది. మా విద్యాలయం అదే.

విండోస్ 95 లోడ్ చేస్తున్నప్పుడు వచ్చే హ్యాంగ్ ఇంకో రకం. అది మొదటిసారి తనంతట తానే ప్రతి పోర్టునూ తట్టి చూసేది. ఏ పాత కార్డో ఆ తట్టుడికి తట్టుకోలేక సిస్టమ్‌ని ఆపేసేది. తెలియనివాళ్లు రీసెట్ కొట్టి మొదటి నుంచి మొదలుపెట్టేవారు. కానీ అది తాను ఎక్కడిదాకా వచ్చిందో రాసిపెట్టుకునేది. కరెంటు తీసి మళ్లీ పెట్టి, రికవరీ ఎంచుకుంటే, క్రితంసారి ప్రాణం మీదకి తెచ్చిన మెట్టుని వదిలేసి ముందుకెళ్లేది. డెట్‌లాగ్ అన్న ఫైలు తెరిచి చివరి వరస చదివితే ఏ పోర్టు దగ్గర ఆగిందో ఉండేది. అప్పటి యంత్రాల్లో నాకు నచ్చిన గుణం అదే. అడిగే పద్ధతిలో అడిగితే చెప్పేవి.

పాత సీరియల్ చిప్పుల శక్తి కూడా తెలుసుకోవాల్సిన విషయమే. మొదటి పీసీల్లో వాడిన 8250లో గానీ, తర్వాతి 16450లో గానీ వచ్చిన అక్షరం దాచుకోవడానికి ఒక్క అరే ఉండేది. ప్రాసెసరు వచ్చి తీసుకెళ్లేలోపు రెండోది వస్తే మొదటిది పోయినట్టే. సెకనుకి 1,15,200 బిట్ల వేగంలో అక్షరానికీ అక్షరానికీ మధ్య వ్యవధి 87 మైక్రోసెకన్లు మాత్రమే. 16550ఏ చిప్ వచ్చాక పదహారు అక్షరాలు దాచుకునే వీలు కలిగి ఆ బాధ తగ్గింది. మోడెమ్ ఉన్నచోట ముందు మేం చూసేది ఆ చిప్ నంబరే.

బ్రాడ్‌బ్యాండు 2005 జనవరిలో వచ్చింది. కొద్ది ఏళ్లలోనే డయలప్ మోడెమ్‌లు అటకెక్కాయి. సీరియల్ మౌసు అంతకుముందే పోయింది. ఇక కామ్ పోర్టుతో పనేముందని ఊరంతా అనుకుంది గానీ, ధర్మకాటాల దగ్గర మాత్రం ఆ పోర్టు లేకపోతే బండి కదలదు. లారీ ప్లాట్‌ఫాం ఎక్కితే కింద లోడ్‌సెల్‌లు బరువు చెప్తాయి. గదిలో ఎర్రంకెల ఇండికేటర్ ఆ బరువు చూపిస్తూనే, సెకనుకి కొన్నిసార్లు తొమ్మిది పిన్నుల కేబులు గుండా కంప్యూటరుకి పంపిస్తుంది. ఖాళీ బండి బరువు, లోడు బరువు, తేడా, చీటీ. బెల్లమైనా, చెరకైనా, తవుడైనా, కంకరైనా ఆ చీటీ మీదే డబ్బు చేతులు మారుతుంది.

ఈ కాటాల దగ్గర చూసిన ఒక సంగతి వివరంగా చెప్పాలి. ఇది మా ఊరి ఒక్కదాని బాధ కాదు, లోకమంతా తూకం మిషన్లు, జీపీఎస్‌లు, బార్‌కోడ్ యంత్రాలు వాడిన చోటల్లా ఉన్నదే.

జాతీయ రహదారి మీద, అప్పట్లో 5వ నంబరు, ఇప్పుడు 16, ఒక కాటావారు పాత డాస్ సిస్టమ్ తీసేసి విండోస్ ఎక్స్‌పీ ఉన్న కొత్తది పెట్టించారు. మొదటిరోజు అంతా బాగుంది. రెండోరోజు పొద్దున్నే కబురు. వెళ్లేసరికి లారీలు రోడ్డు దాకా వరసకట్టి ఉన్నాయి. గదిలో ఆపరేటర్ కుర్రాడు మౌసు వదిలేసి రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. తెర మీద బాణం తనంతట తాను పరుగులు తీస్తోంది. ఫోల్డర్లు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి, ఒకటి ఇంకొకదానిలోకి వెళ్లి పడుతోంది. కాసేపటికి మొత్తం బిగుసుకుపోయింది.

"ఏటి బాబూ ఇది, దెయ్యం పట్టినట్టు! నిన్న సాయంత్రం దాకా సక్కగా ఉంది కదా" అన్నాడు యజమాని. దేవుడి పటానికి అప్పటికే రెండో అగరొత్తి వెలిగించి ఉంది.

రీసెట్ కొట్టి, వెనకాల నిలబడి చూశాను. ప్లాట్‌ఫాం మీదకి లారీ ఎక్కుతున్నప్పుడు ఇండికేటర్‌లో అంకెలు పరుగెడుతుంటే బాణం దూకే తీరు మారుతోంది. లారీ నిలబడి అంకె స్థిరపడితే బాణం కూడా ఒకే దిక్కుకి లాగుతోంది. ఇండికేటర్ కేబులు పీకేశాను. బాణం ఠక్కున ఆగింది.

విండోస్ ఎన్‌టీ వంశంలో వచ్చినవాటికి, అంటే 2000కీ ఎక్స్‌పీకీ, లేచేటప్పుడు సీరియల్ పోర్టుల మీద మౌసు ఉందేమోనని చూసే పద్ధతి ఉంది. పోర్టులోని కొన్ని తీగల్ని పైకీ కిందకీ చేసి, జవాబు కోసం వింటుంది. నిజమైన సీరియల్ మౌసు అయితే 'ఎం' అన్న అక్షరం పంపుతుంది. సరిగ్గా ఆ క్షణాన అటువైపు తూకం ఇండికేటర్ ఆపకుండా అంకెలు పంపుతూ ఉంటే, విండోస్ ఆ ప్రవాహాన్ని జవాబుగా పొరపడి, అక్కడ ఒక మౌసు ఉందని నిర్ణయించుకుంటుంది. అప్పటినుంచి లారీ బరువు మౌసు కదలికగా మారిపోతుంది. మొదటిరోజు బాగుండటానికి కారణం, ఆరోజు ముందు కంప్యూటరు ఆన్ చేసి, అది పూర్తిగా లేచాక ఇండికేటర్ పెట్టారు. రెండోరోజు ఇండికేటర్ ముందే నడుస్తోంది.

కేబులు తీసి ఉంచి డివైస్ మేనేజర్ తెరిస్తే, మౌసుల వరసలో అసలు మౌసుకి తోడు ఇంకో పేరు కనిపించింది: మైక్రోసాఫ్ట్ సీరియల్ బాల్‌పాయింట్. అలాంటి వస్తువు ఆ గదిలో లేదు. దాన్ని తీసేస్తే లాభం లేదు, మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు తిరిగొస్తుంది. డిసేబుల్ చెయ్యాలి. అప్పుడు పేరు పక్కన ఎర్ర గుర్తుతో అలాగే ఉండిపోతుంది, దాని మాట ఎవరూ వినరు. పాత ఎన్‌టీలో అయితే బూట్ ఫైల్లో నో సీరియల్ మైస్ అని ఒక మాట చేర్చేవాళ్లం. కేబులు మళ్లీ పెట్టి, ఇండికేటర్ నడుస్తుండగానే రీస్టార్ట్ చేశాను. బాణం మధ్యలో నిలబడింది. ఎర్రంకె కంప్యూటర్లోకి వచ్చింది. ముందు లారీ కదిలింది.

ఇలాంటి చోట ఫార్మాట్ కొడితే ఏమయ్యేది? కొత్తగా విండోస్ వేసి, ఇండికేటర్ నడుస్తుండగా మొదటిసారి స్టార్ట్ చెయ్యగానే అదే దెయ్యం మళ్లీ వచ్చేది. కారణం పోర్టుకి అటువైపు ఉంది. డిస్కులో దేన్ని తుడిచినా అది అక్కడే ఉంటుంది.

కాటాల దగ్గర హ్యాంగులన్నీ విండోస్ పొరపాటు వల్ల వచ్చినవీ కావు. కొన్ని ప్రోగ్రాములు పోర్టులో "నేను సిద్ధం" అన్న సంకేతం వచ్చేదాకా కదలవు. ఇండికేటర్ వైపు నుంచి వచ్చేది మూడే తీగలు, రెండో పిన్ను, మూడో పిన్ను, అయిదో పిన్ను. సిద్ధం అని చెప్పే తీగ అసలు లేదు. కిటికీ ఖాళీగా నిలబడిపోయేది, ఆపరేటర్ హ్యాంగ్ అనేవాడు. కనెక్టర్ విప్పి ఏడుకీ ఎనిమిదికీ, నాలుగుకీ ఆరుకీ ఒకటికీ చిన్న తీగ ముక్కలతో సోల్డరింగ్ పెడితే, కంప్యూటరు పంపిన సంకేతమే దానికి తిరిగొచ్చి పని మొదలయ్యేది. పోర్టు బాగుందో లేదో చూడ్డానికి రెండో పిన్నునీ మూడో పిన్నునీ పేపర్ క్లిప్పుతో కలిపి, హైపర్‌టెర్మినల్‌లో ఏదైనా కొట్టేవాళ్లం. కొట్టిన అక్షరం తెర మీద తిరిగొస్తే పోర్టు బతికున్నట్టు. రాకపోతే అందులో చిప్ పోయినట్టు.

ఏప్రిల్, మేలలో ఈదురుగాలుల వాన పడితే మర్నాడు మాకు పని ఖాయం. ప్లాట్‌ఫాం ఆరుబయట ఉంటుంది. దగ్గర్లో పిడుగు పడితే ఆ దెబ్బ కేబులు వెంట లోపలికొచ్చేది. ఇండికేటర్లో మ్యాక్స్ 232 అనే పదహారు కాళ్ల చిప్ ముందు పోయేది, తనతోపాటు ఒక్కోసారి మదర్‌బోర్డులోని పోర్టునీ తీసుకెళ్లేది. పిడుగు లేకపోయినా, ఇండికేటర్ ఒక ప్లగ్గులో, కంప్యూటరు వేరే గదిలోంచి లాగిన ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఉంటే, రెండు ఎర్తింగ్‌ల మధ్య తేడా అయిదో పిన్ను గుండా పారేది. అలాంటిచోట లారీ వెల్డింగ్ షాపు పక్కనే ఉంటే వెల్డింగ్ మొదలైనప్పుడల్లా సిస్టమ్ ఆగిపోయేది. రెండు ప్లగ్గులూ ఒకే బోర్డుకి మార్చి, రాగి రేకు పాతి ఉప్పు, బొగ్గు వేసి ఎర్తింగ్ గుంత తవ్విస్తే ఆ జబ్బు పోయేది. కంప్యూటర్ మెకానిక్కు పార పట్టించి గొయ్యి తవ్వించడం చూసి జనం వింతగా చూసేవారు.

నా లెక్కలో ఈ కాలం 2014తో అయిపోయింది. ఆ ఏడాది ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది. అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. తుపాను తర్వాత నేను చూసిన కాటా గదుల్లో తడిసిన పాత సిస్టమ్‌లు తీసేసి లాప్‌టాప్‌లు పెట్టారు. వాటికి తొమ్మిది పిన్నుల సాకెట్ లేదు కాబట్టి, యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే చిన్న కేబుళ్లు వచ్చాయి. వీటిలో నకిలీ చిప్పులు విపరీతం. సరిగ్గా ఆ శరదృతువులోనే ఎఫ్‌టీడీఐ అన్న స్కాట్లాండ్ కంపెనీ ఇచ్చిన కొత్త డ్రైవరు విండోస్ అప్‌డేట్ ద్వారా లోకమంతా వెళ్లి, తమ చిప్పుకి నకళ్లు అని తేలినవాటి గుర్తింపు నంబరును సున్నా చేసి పనికిరాకుండా చేసింది. పెద్ద గొడవై వాళ్లు దాన్ని వెనక్కి తీసుకున్నారు. నకిలీని ఆపాలనుకోవడం న్యాయమే. ఏ పాపమూ తెలియక షాపులో కేబులు కొనుక్కున్నవాడి యంత్రాన్ని దూరం నుంచి చంపడం న్యాయం కాదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

లాప్‌టాప్‌లు, యూఎస్‌బీ కేబుళ్లు వచ్చాక మా పని స్వభావమే మారింది. జంపర్లు లేవు, ఐఆర్‌క్యూలు సిస్టమ్ తనే పంచుకుంటుంది. ఇది మేలే, కాదనను. నాలుగో తీగ కోసం రాత్రుళ్లు మేలుకోవాల్సిన అవసరం ఎవరికీ రాకూడదు. కానీ హ్యాంగ్ అయితే కేబులు మార్చు, అయినా అయితే లాప్‌టాప్ మార్చు అన్నదే ఇప్పుడు వైద్యం. ఎందుకు ఆగిందని అడిగేవాడు లేడు. ఎందుకో తెలియకుండా బాగైన యంత్రం మళ్లీ ఎప్పుడు ఆగుతుందో కూడా తెలియదు.

ఊరూ మారింది. చుట్టుపక్కల చెరకు తగ్గింది, తుమ్మపాల చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది, యార్డులో దిమ్మల వరసలు పలచబడ్డాయి. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా కేంద్రమైంది. గురువుగారు పోయారు. ఆయన పుస్తకం వాళ్లబ్బాయి నాకు ఇచ్చాడు. కాగితాలు పసుపెక్కినా అంకెలు చదవడానికి వస్తున్నాయి.

కాటాల్లో మాత్రం తొమ్మిది పిన్నుల ఇండికేటర్లు ఇప్పటికీ నడుస్తున్నాయి, ఇంకా చాలాకాలం నడుస్తాయి. అందుకే కాటా నడిపేవారికి, కొత్తగా ఈ పనిలోకి వచ్చిన కుర్రాళ్లకి ఒక మాట. మీ ఇండికేటర్ బాడ్ రేటు 2400లో ఉందో 9600లో ఉందో, ఏ పోర్టు నంబరుకి పెట్టారో, కన్వర్టర్ కేబులు ఏ చిప్పుదో, దాని డ్రైవరు ఏదో ఒక కాగితం మీద రాసి గది గోడకి అంటించండి. డ్రైవర్ సీడీని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, బీరువాలో చీటీ పుస్తకాల పక్కన పెట్టండి. సిస్టమ్ ఆగితే ఫార్మాట్ కొట్టేముందు కేబులు ఒకసారి తీసి చూడండి. మీ ఇంట్లోనో, మీ షాపు అటక మీదో పాత మెకానిక్కుల నోటుపుస్తకాలు ఉంటే తూకానికి వెయ్యకండి. ఫోనుతో పేజీ పేజీ ఫొటో తీసి దాచండి, అడిగినవాళ్లకి ఇవ్వండి.